అప్‌డేట్: బ్యాండ్ మానలేదు

పోయిన ఆదివారం అడిగాను కదా. అమెరికాలో ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం, కాలేజీ మార్చింగ్ బ్యాండ్‌లో (మైదానంలో వరసలు కట్టి నడుస్తూ వాయించే బ్యాండ్) సూసాఫోన్, అంటే ఒంటి చుట్టూ తిరిగి భుజం మీద మోసే పెద్ద ఇత్తడి బాకా, వాయిస్తాను, గురువారం కెమిస్ట్రీ మిడ్‌టర్మ్, శనివారం మా బ్యాండ్ వాయించాల్సిన ఫుట్‌బాల్ మ్యాచ్, బ్యాండ్ మానేయనా అని. మానలేదు.

"వారమంతా కాగితం మీద రాసుకో" అని ఒక అక్క చెప్పిన మాటే పనిచేసింది. పొద్దున్నే చదువు, సాయంత్రం రెండు గంటలు ప్రాక్టీస్.

బుధవారం మాత్రం ఏడుపొచ్చేసింది. ప్రతి 5 గజాలకు సరిగ్గా 8 అడుగులు పడాలి, అంటే ఒక్కో అడుగు 22.5 అంగుళాలు. భుజం మీద దాదాపు 15 కిలోల ఇత్తడి, కిందికి చూడకూడదు, ఊపిరి పాటకే సరిపోవాలి. కొత్త డ్రిల్‌లో, అంటే ఎవరు ఎప్పుడు ఎటు నడవాలో చెప్పే వరసలో, మూడుసార్లు లైను తప్పాను. మా సెక్షన్ లీడర్ (సూసాఫోన్ వాళ్ళందరికీ పెద్ద) ఒక్క మాట అనలేదు. అందరూ వెళ్ళాక ఖాళీ మైదానంలో నాతో పాటు లెక్కపెడుతూ నడిచాడు. ఆ సాయం మర్చిపోలేను.

మిడ్‌టర్మ్ ఫర్వాలేదు, ఒక ప్రశ్న వదిలేశాను.

శనివారం మ్యాచ్ మధ్య విరామం, హాఫ్‌టైమ్, 20 నిమిషాల్లో మా వంతు ఏడే నిమిషాలు. లైను తప్పలేదు! ఫ్రెండ్ వీడియో కాల్ చేస్తే గుంటూరులో అమ్మ రాత్రి పదకొండింటికి మేలుకొని చూసింది. యూనిఫాంలో అందరూ ఒకేలా ఉన్నా, నడక చూసి గుర్తుపట్టానంది.

జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. ఇప్పుడు నిద్రపోతాను, సోమవారం మళ్ళీ కొత్త డ్రిల్ ఇస్తారు.