నక్క తోక తొక్కితే అదృష్టమా, వెయ్యేళ్ల శాపమా? నైన్‌టేల్స్ అసలు ఎవరి నక్క?

నిప్పుతోక:
ఫ్రెండ్స్, ఒక పంచాయితీ తీర్చండి. నిన్న రాత్రి భోజనాలయ్యాక మా బావమరిది నా స్విచ్ గేమ్ మెషీన్‌లో నైన్‌టేల్స్‌ని చూసి "ఇది మన నక్కే బావా, మగధ నుంచి జపాన్ పోయింది, వాళ్లు బొమ్మేసి అమ్ముకుంటున్నారు" అన్నాడు. ఏదో రీల్‌లో చూశాడంట. నేను నవ్వేశా, వాడికి కాలింది, గంటన్నర గొడవ, ఓడినోడు బిర్యానీ కొనాలని పందెం, చివరికి మా ఆవిడొచ్చి హాల్లో లైటార్పేసి పోయింది.

తెలియనోళ్ల కోసం: నైన్‌టేల్స్ అంటే పోకెమాన్ మొట్టమొదటి గేముల్లోనే, అంటే జపాన్‌లో 1996 ఫిబ్రవరిలోనే వచ్చిన తొమ్మిది తోకల నిప్పు నక్క, నంబర్ 38. దీని ముందు రూపం వల్పిక్స్, దానికి ఆరు తోకలు, ఫైర్ స్టోన్ అనే రాయి ఇస్తే ఇదవుతుంది. జపాన్‌లో వీటి పేర్లు రోకోన్, క్యూకోన్. రోకు ఆరు, క్యూ తొమ్మిది, కోన్ అంటే వాళ్ల చెవికి నక్క అరుపు, మనకి కుక్క భౌ అన్నట్టు. గేమ్‌లోనే ఉండే పోకెమాన్ల వివరాల పుస్తకం పోకెడెక్స్‌లో ఏముందంటే ఇది మహా తెలివైంది, పగబట్టే రకం, తోక పట్టుకుంటే వెయ్యేళ్ల శాపం తగలొచ్చు అని. మన దగ్గరేమో లాటరీ తగిలినోణ్ణి నక్క తోక తొక్కావా అని అడుగుతాం. ఈ ఒక్క ముక్కతోనే అది మన నక్క కాదని తేలిపోలా?

నా లెక్క ప్రకారం ఇది అచ్చంగా తమామో నో మాయె. 12వ శతాబ్దంలో తోబా చక్రవర్తి దగ్గర చేరిన అందగత్తె, ఆయన మంచాన పడితే అబే నో యాసునారి అనే జ్యోతిష్కుడు ఇది మనిషి కాదు నక్క అని పట్టేశాడు, అది నాసు మైదానంలోకి పారిపోయింది, ఇద్దరు వీరులు వెంటాడి చంపారు, చచ్చి విషం కక్కే రాయైపోయింది. ఆ కథలో దాని పూర్తి పేరే "తెల్ల మొహం బంగారు బొచ్చు తొమ్మిది తోకల నక్క". నైన్‌టేల్స్ రంగు ఏంటి? లేత బంగారం. ఎర్ర కళ్లు. కేస్ క్లోజ్.

బెజవాడ_ట్రైనర్:
క్లోజ్ ఏంటి బ్రో ఇప్పుడే గదా ఓపెన్ చేశావ్. నువ్వు చెప్పింది రెడ్, బ్లూ గేముల్లోని ఎంట్రీ మాత్రమే. యెల్లో గేమ్‌లో ఏముందో చదివావా? తొమ్మిది మంది మహానుభావులైన సాధువులు కలిసిపోయి మళ్లీ పుట్టిన రూపం ఇది అని ఉంది. ఇంకో గేమ్ సఫైర్‌లోనూ దాదాపు అదే, పవిత్ర శక్తులున్న తొమ్మిది మంది మాంత్రికులు. రాజుని మంచాన పడేసిన రాకాసికి ఇలాంటి పుట్టుక రాస్తారా ఎవరైనా?

ఇది ఇనారి నక్క. ఇనారి అంటే వరి పంటకి దేవుడు, నక్కలు ఆ దేవుడి దూతలు. క్యోటోలో ఫుషిమి ఇనారి గుడి 711లో కట్టారంటారు, ఆ ఎర్ర ద్వారాలు వరసగా వేలకి వేలు ఉంటాయి చూడు, ఫొటోల్లో అందరూ చూసే ఉంటారు, అదే. అక్కడ రాతి నక్కల నోట్లో వరికంకి, తాళంచెవి, మణి ఉంటాయి, శాపాలుండవు. వేయించిన తోఫు నైవేద్యం పెడతారు. నక్క ముసలిదయ్యే కొద్దీ తోకలు పెరుగుతాయి, వెయ్యేళ్లు నిండేసరికి తొమ్మిదయ్యి దైవత్వం వస్తుందనేది వాళ్ల మామూలు నమ్మకం, గేమ్‌లో వల్పిక్స్ పుట్టినప్పుడు ఒక్క తోకే, పెరిగే కొద్దీ చీలుతుంది అని ఉంది కదా, సేమ్ టు సేమ్. తోక లాగితే పగబడుతుంది అంటావా, ఏ జంతువు తోక లాగినా అంతే, మా ఇంటి పిల్లి తోక లాగి చూడు.

స్నోవార్నింగ్:
ఈ థ్రెడ్‌లో ఎవరూ గేమ్‌లో అలోలా దీవుల్లో ఉండే నైన్‌టేల్స్ గురించి మాట్లాడట్లేదు, బాధగా ఉంది. మంచు, ఫెయిరీ, 2016 సన్ మూన్ గేములు. మొదటిదాని కంటే అందంగా ఉంటుంది. అంతే, వెళ్తున్నా.

వరంగల్_వార్టార్టిల్:
గిదేంది భయ్యా, ఇద్దరు కొట్లాడుతుండ్రు గని అసలు ఓనర్‌ని మర్చిపోయిండ్రు. తొమ్మిది తోకల నక్క మొదలు చైనాది. షాన్‌హైజింగ్ అని రెండు వేల ఏండ్లకు ఎక్కువ పాత పుస్తకం ఉంటది, అండ్ల చింగ్‌చ్యూ అనే గుట్ట మీద తొమ్మిది తోకల నక్క ఉంటది, పసిపిల్ల ఏడ్చినట్టు అరుస్తది, మనుషులను తింటది అని రాసిండ్రు. మళ్ల హాన్ రాజుల కాలంల అదే నక్క శుభ శకునం. మంచిదా చెడ్డదా అని రెండు వేల ఏండ్ల సంది వాళ్లకే తెగలే, మీరు ఒక్క థ్రెడ్‌ల తెంపుతరా?

ఇంకోటి, ఫైర్‌రెడ్ అని గేమ్‌కు పేరు పెట్టి అండ్ల వల్పిక్స్ ఇయ్యలే, దాని జోడి గేమ్ లీఫ్‌గ్రీన్‌లనే ఇచ్చిండ్రు. హన్మకొండల నెట్ సెంటర్‌ల గంటకు పదిహేను రూపాయలు పెట్టి ఎములేటర్ మీద రెండు నెలలు గడ్డిల తిరిగిన దానికోసం. అసలు శాపం గది.

నిప్పుతోక:
హహ అన్నా ఆ గడ్డిలో నేనూ తిరిగా. నేనైతే తర్వాత లీఫ్‌గ్రీన్‌లో దొరగ్గానే ఆత్రంగా గేమ్‌లోని సెలడాన్ స్టోర్‌లో రాయి కొని వాడేశా, ఫ్లేమ్‌త్రోవర్ అనే పెద్ద నిప్పు దాడి నేర్చుకోకముందే. ఇక జన్మలో నేర్చుకోలా. ఎంబర్ అనే చిన్న దాడి‌తోనే లాక్కొచ్చా.

సరే, చైనా నుంచి జపాన్ అంటే ఒప్పుకుంటా. మరి మగధ మాటేంటి? అది వాట్సాప్ యూనివర్సిటీనే కదా?

రీల్_రాజు:
బావా, నేనే. అకౌంట్ తెరిచి మరీ వచ్చా. జపాన్ వాళ్ల కథలోనే ఉంది ఇండియా, కావాలంటే ఎవర్నైనా అడుగు. నక్క చైనాలో దాజీ అనే రాణిగా ఒక రాజ్యాన్ని ముంచింది, తర్వాత మగధలో కాయో అనే రాణిగా వచ్చి హన్‌జోకు అనే యువరాజు చేత వెయ్యి మంది రాజుల తలలు నరకమని చెప్పింది, ఆ తర్వాతే జపాన్. హన్‌జోకు నక్కని చూసి హడలిపోతున్నట్టు కునియోషి అనే చిత్రకారుడు వేసిన 19వ శతాబ్దం బొమ్మ కూడా ఉంది. పైగా తమామో నో "మాయె". పేరులోనే మాయ ఉంది, ఇంకేం కావాలి.

పాతపుస్తకం:
బాబూ రీల్ రాజు గారూ, మాయె అనేది అక్కడ గొప్పింటి స్త్రీల పేరు చివర పెట్టే గౌరవ పదం, మన "అమ్మ" "గారు" లాగా. మన మాయకీ దానికీ ఏ చుట్టరికమూ లేదు. కానీ మిగతాది మీరు చెప్పింది నిజమే, మీ బావగారు అనవసరంగా నవ్వారు. జపాన్ కథలో ఇండియా మజిలీ ఉంది. అయితే అందులో మనది ఏది అన్నదే అసలు ప్రశ్న.

హన్‌జోకు అంటే వాళ్ల భాషలో మచ్చల పాదాలవాడు. ఇప్పుడు దాన్ని సంస్కృతంలో అనండి. కల్మాషపాదుడు. ఆదిపర్వం చదివినవాళ్లకి ఈయన తెలుసు, నన్నయ గారి తెలుగులోనూ ఉన్నాడు. ఇరుకు దారిలో ఎదురుపడిన వసిష్ఠుడి కొడుకు శక్తి తప్పుకోలేదని కొరడాతో కొట్టి, నరమాంసం తినే రాక్షసుడివి కమ్మని శాపం తెచ్చుకుని, చివరికి ఆ శక్తినే తినేసిన రాజు. ఈయనే బౌద్ధుల జాతక కథల్లోకి వెళ్లాడు, అక్కడ రాజుల్ని పట్టి బలికి సిద్ధం చేస్తాడు, సుతసోముడు అనే రాజు బుద్ధి చెప్పి మారుస్తాడు. చైనా మీదుగా జపాన్ చేరేసరికి అది వెయ్యి మంది రాజులైంది. ఇంతవరకూ మనదే. కానీ ఎక్కడా నక్క లేదు! ఆదిపర్వంలో లేదు, జాతకంలో లేదు. నక్కని జపాన్‌లో అతికించారు. అదీ ఒక్కసారి కాదు, నో అనే పాత జపాన్ నాటకంలో అది రాణి కూడా కాదు, హన్‌జోకు మొక్కుకునే దిబ్బ దేవత, అంతే. కాయో రాణి తర్వాత వచ్చింది. ఇంకా చెప్పాలంటే పాత తమామో కథల్లో నక్కకి తోకలు రెండే, తొమ్మిది తర్వాత మొలిచాయి, చైనా దాజీ ప్రభావంతో.

కాబట్టి లెక్క ఇదీ: రాజు మనవాడు, తోకలు చైనావి, కుట్టుపని జపాన్‌ది.

బెజవాడ_ట్రైనర్:
మేడమ్ సూపర్. కానీ ఇదంతా తమామో చరిత్ర, నైన్‌టేల్స్ చరిత్ర కాదు. గేమ్‌లో ఎక్కడా తమామో పేరే లేదు. నేను ఇనారి దగ్గరే ఉంటా.

నాసు_దారిలో:
టోక్యోలో ఉంటాను, తమామో కథలోని ఆ విషపు రాయిని చూసొచ్చాను కాబట్టి చెప్తున్నా. తోచిగి ప్రిఫెక్చర్‌లో నాసు, షింకాన్సెన్ బుల్లెట్ రైలు దిగి బస్సెక్కాలి. రాయి కనపడకముందే కుళ్లిన గుడ్ల వాసన కొడుతుంది, అది అగ్నిపర్వతం ఉన్న చోటు, గంధకం ఆవిర్లు వస్తుంటాయి. చెక్క దారి మీద నడుస్తూ పోవాలి, పక్కన గుట్ట మీద వరసలు వరసలుగా చిన్న చిన్న జిజో అనే బౌద్ధ దేవుడి విగ్రహాలు, ఎర్ర టోపీలు పెట్టుకుని, ఒంటికి మించిన పెద్ద చేతులు జోడించి. ఆ చేతులు చూస్తే నాకు నిజంగా ఒళ్లు జలదరించింది. రాయి మాత్రం మామూలు రాయే. 2022 మార్చిలో అది రెండు ముక్కలైంది, నక్క బయటికొచ్చేసింది అని జపాన్ అంతా సోషల్ మీడియాలో గోల, నీళ్లు దూరి చలికి గడ్డకట్టి పగిలుంటుందని అక్కడివాళ్ల మాట. నేను వెళ్లింది ఆ తర్వాత.

నా పాయింట్ ఏంటంటే, పక్కన నిలబడ్డ ఒక పెద్దావిడ రాయికి దణ్ణం పెట్టుకుంది. విషపు రాయికి! భయపడేదీ మొక్కేదీ ఒకటే అక్కడ. మన ఊళ్లలో పోలేరమ్మకి చేసేది ఏంటి, అమ్మోరు పోసేదీ ఆవిడే కాచేదీ ఆవిడే కదా. అలాంటప్పుడు వెయ్యేళ్ల శాపం, తొమ్మిది మంది సాధువులు రెండూ ఒకే నక్క మీద రాయడంలో వింతేముంది? తమామోనా ఇనారినా అని మీరు ఇద్దరూ రెండు పెట్టెలు పెట్టారు, గేమ్ రాసినోళ్లకి ఆ పెట్టెల అవసరం పడలేదు.

వరంగల్_వార్టార్టిల్:
పోలేరమ్మ మాట కరెక్ట్ అన్నా. మా దిక్కు పోచమ్మ, గంతే తేడా.

బెజవాడ_ట్రైనర్:
హ్మ్. అమ్మోరి పోలికతో కొట్టావ్ బ్రో, దీనికి నా దగ్గర జవాబు లేదు ప్రస్తుతానికి. కానీ పోకెమాన్ అనిమే కార్టూన్‌లో జోటో అనే ప్రాంతంలో జరిగే ఎపిసోడ్ ఒకటుంది, వదిలేసి పోయిన యజమాని కోసం ఏళ్ల తరబడి పాత బంగళాలో కాచుకుని కూర్చుంటుంది నైన్‌టేల్స్, అమ్మాయి రూపం కల్పించి మరీ. అది చూసి కూడా పగబట్టే రకం అంటే నేనొప్పుకోను.

రీల్_రాజు:
బావా రాజు మనవాడేనని మేడమ్ తేల్చేశారు, అంటే సగం గెలిచా. బిర్యానీ సగం డబ్బులు నీవి.

నిప్పుతోక:
సరే సగం ఇస్తాలే, లెగ్ పీస్ మాత్రం నాది. మేడమ్ ఒక్క డౌట్, కల్మాషపాదుడికి మన కథలో పెళ్లాం ఉందా? ఉంటే ఆవిడ ఏం చేసింది?

పాతపుస్తకం:
ఉంది, మదయంతి. విష్ణు పురాణంలో వస్తుంది, అక్కడ శపించేది శక్తి కాదు, వసిష్ఠుడే. తప్పు లేకుండానే వసిష్ఠుడు శపించాడని రాజు కోపంతో తిరిగి శపించడానికి చేతిలోకి నీళ్లు తీసుకుంటాడు. గురువుని శపిస్తావా అని ఆపేది ఆవిడే. మంత్రించిన నీళ్లు, నేల మీద పోస్తే పంటలు పోతాయి, పైకి చల్లితే మేఘాలు పోతాయి, అందుకని తన కాళ్ల మీదే పోసుకున్నాడు. పాదాలకి మచ్చలు, ఆ పేరు అలా వచ్చింది.

నిప్పుతోక:
ఒక్క నిమిషం. అంటే మన కథలో మచ్చల కాళ్ల రాజు పక్కన ఉన్న రాణి శాపాన్ని ఆపింది, వాళ్ల కథలో అదే రాజు పక్కన రాణిని పెట్టి తలలు నరకమనిపించారా? తిరగేశారుగా మొత్తం!

నా నైన్‌టేల్స్‌కి ఇన్నాళ్లూ పేరు పెట్టలేదు. ఇప్పుడే మార్చా, మదయంతి. తోక మాత్రం ముట్టుకోను.

స్నోవార్నింగ్:
అలోలా దానికి కూడా ఒక పేరు చెప్పండి మేడమ్ ప్లీజ్.