పది రోజులు రానని ఆ బాబుకి ఎలా చెప్పాలి?

నమస్కారం అండీ. విశాఖలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఈ వేసవి సెలవుల్లో మా ఇంటి దగ్గరున్న ప్రత్యేక అవసరాల పిల్లల బడికి రోజూ పొద్దున్నే వెళ్తున్నాను. అక్కడ ఆటిజం ఉన్న ఎనిమిదేళ్ల బాబు ఒకడున్నాడు. మాటలు రావు. నేను రాగానే చున్నీ కొస పట్టుకుని కిటికీ దగ్గరికి లాక్కెళ్తాడు, ఇద్దరం పూసలు గుచ్చుతాం. ముందు ఎరుపు, తర్వాతే పసుపు. వరస తప్పితే మొత్తం విప్పేస్తాడు!

చిక్కేమిటంటే, వచ్చే వారం ఇంట్లోవాళ్లతో అరకు, అటు నుంచి అమ్మమ్మగారి ఊరు శ్రీకాకుళం వెళ్తున్నాం. పది రోజులు రాను. మొన్న జ్వరమొచ్చి ఒక్కరోజు మానేస్తే గుమ్మంలోనే కూర్చుని ఏడ్చాడట. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్.

బొమ్మల క్యాలెండర్‌లో రోజుకో గడి కొట్టేయించమని అక్కడి టీచరుగారు అన్నారు. పది గళ్లంటే వాడికి మరీ ఎక్కువేమో? రైళ్లంటే వాడికి ప్రాణం. అరకు దారిలో బోలెడు సొరంగాలున్నాయి కదా, కిరండూల్ రైలు వాటిల్లో దూరుతుంటే వీడియో తీసి పంపాలనుంది. కానీ ఫోన్‌లో నా గొంతు వింటే ఇంకా బెంగ పెట్టుకుంటాడా?

ఇలాంటి పిల్లల అమ్మానాన్నలు, స్పెషల్ ఎడ్యుకేటర్లు ఎవరైనా ఉంటే చెప్పండి. ఎన్ని రోజుల ముందు నుంచి చెప్పడం మొదలెట్టాలి?