మార్డీ గ్రాకి పాపని ఏ వీధికి తీసుకెళ్లమంటారు?

ప్రశ్న:
న్యూ ఆర్లీన్స్ వచ్చి ఐదు నెలలైంది. మార్డీ గ్రా పండగకి ఆఫీసులో అందరూ సెయింట్ చార్లెస్ అవెన్యూ మీద ఊరేగింపులు చూడమంటున్నారు. మా పాపకి మాత్రం మార్డీ గ్రా ఇండియన్స్‌ని, అంటే అమెరికా ఆదివాసుల్లా ఈకల వేషాలు కట్టే నల్లజాతివాళ్ల దండుల్ని, చూడాలని ఉంది. ఆరేళ్లది. వాళ్లు ఎటు వస్తారో ఎక్కడా దొరకలేదు. ఇక్కడ పెరిగినవాళ్లు చెప్పగలరా?

జవాబు:
నేను పెరిగింది ఈ ఊళ్లోనే, సెవెంత్ వార్డ్ అనే పేటలోనండీ. 90ల్లో నాన్న పీహెచ్‌డీ చేస్తుంటే అక్కడ అద్దెకుండేవాళ్లం. పక్కింటాయన ఒక దండులో ఫ్లాగ్ బాయ్. నేను తాతయ్యా అనేదాన్ని. బడి నుంచి రాగానే వాళ్ల వంటింట్లో నాకో పని: కాఫీ డబ్బా మూతల్లోకి పూసలు రంగుల వారీగా ఏరడం. ఆయన వేషం కోసం కాన్వాస్ గుడ్డ మీద వాటిని కుట్టేవారు. సూది నెట్టీ నెట్టీ బొటనవేలు కాయకాసిపోయింది. ఏడాదంతా కుట్టినా అది ఆ ఏటికే, మళ్లీ కొత్తది మొదలు. రంగు మాత్రం గుట్టు. అమ్మ అడిగినా చెప్పలేదు నేను.

పండగ పొద్దున ఆ కిరీటం గుమ్మంలో పట్టక పక్కకి వంచి తెచ్చారు. నారింజ రంగు ఈకలు! ఎదుటి దండు వస్తోందేమో స్పై బాయ్ ముందు చూస్తాడు, ఫ్లాగ్ బాయ్ ఆ కబురు దండు నాయకుడు బిగ్ చీఫ్‌కి అందిస్తాడు. ఒకప్పుడు ఎదురుపడితే కత్తులు దూసుకునేవారట. కొట్లాట మాని అందంతో పోటీపడదామని దారి మళ్లించినవాళ్లలో ముఖ్యుడు టూటీ మోంటానా అనే బిగ్ చీఫ్.

ఇంకొకరు:
ఆఫ్రికన్ మూలాలవాళ్లకి ఇండియన్ వేషమెందుకు?

జవాబు:
పారిపోయిన బానిసలకి ఇక్కడి ఆదివాసులు ఆశ్రయమిచ్చారు, ఆ కృతజ్ఞత అని తాతయ్య చెప్పేవారు. పైగా తెల్లవాళ్ల ఊరేగింపుల్లోకి వీళ్లని రానిచ్చేవారు కాదు.

పాపని క్లెయిబోర్న్ అవెన్యూ మీది హైవే వంతెన కిందకి తీసుకెళ్లండి. దారి ముందుగా ప్రకటించరు, అక్కడ ఓపిగ్గా నిలబడాలి. అక్కడ వరసగా ఓక్ చెట్లుండేవి, వాటి నీడలోనే పండగ. 1966లో హైవే కోసం కొట్టేశారు. తాతయ్య ఒక స్తంభాన్ని అరచేత్తో తట్టి "మా అమ్మ ఇక్కడే చాప పరిచేది" అనేవారు. చెట్లు పోయినా జనం ఆ చోటు వదల్లేదు. ఇప్పుడు ఆ స్తంభాల మీద ఓక్ చెట్ల బొమ్మలున్నాయి.

ఈకలు ముట్టుకోనివ్వకండి. దారికి అడ్డం రాకండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. ఆ రోజు వాన పడితే?

జవాబు:
మార్చి 19, సెయింట్ జోసెఫ్ రాత్రి మళ్లీ బయటికొస్తారు. టాంబరిన్ చప్పుడు ఎటు వినిపిస్తే అటు నడవండి.