అమెరికాలో ‘వడ్డీ లేదు’ కార్డు మీద పోటీపడి కొనడం: తప్పు కొనేవాళ్ళదా, కొట్టువాళ్ళదా?

కోనసీమ కొబ్బరి: కొనేవాళ్ళదే. బ్లాక్ ఫ్రైడే తగ్గింపు అమ్మకాల నాడు పక్కింటికి 75 అంగుళాల టీవీ వస్తే మనింట్లో 65 పనికిరాకుండా పోతుందా? 2009 క్రెడిట్ కార్డ్ చట్టం వచ్చాక కనీస మొత్తమే కడుతూపోతే అప్పు తీరడానికి ఎన్నాళ్ళు పడుతుందో, 36 నెలల్లో తీరాలంటే నెలకెంత కట్టాలో స్టేట్‌మెంట్‌లోనే వేస్తున్నారు. చదవకపోతే ఎవరేం చేస్తారు?

లెక్కల పుస్తకం: ఆ లెక్క 36 నెలలకండీ. కొట్టువాళ్ళిచ్చే స్టోర్ కార్డు ఆఫర్ గడువు తరచూ 12 నెలలే. కొత్తగా వెళ్ళిన మన పిల్లలు గమనించాల్సింది ఒక్క ‘తీరిస్తే’ అనే మాట. ‘గడువులోగా మొత్తం తీరిస్తే వడ్డీ లేదు’ అంటే వడ్డీ లేదని కాదు, పక్కన రాసి పెడుతున్నారని. 1,200 డాలర్ల టీవీకి నెలకు కనీసం 40 చొప్పున కడితే ఏడాదికి 480 పోయి 720 మిగులుతుంది. రేటు 30 శాతమైతే కొన్న రోజు నుంచీ లెక్కగట్టి దాదాపు 300 డాలర్ల వడ్డీ ఒక్కసారిగా మీద పడుతుంది. మిగిలింది 20 డాలర్లే అయినా అంతే, పాత వడ్డీ మొత్తం పడుతుంది. అసలైన సున్నా శాతం కార్డులో ఇలా ఉండదు. గడువు దాటాక మిగిలిన బాకీకే వడ్డీ.

అందుకే 12తో కాదు, 11తో భాగించండి: నెలకు 110. ఆఫర్ ముగిసే తేదీ, బిల్లు కట్టే తేదీ ఒకటి కాకపోవచ్చు. ఆ కార్డు మీద ఇంకేమీ కొనకండి. చివరి రెండు బిల్లుల వరకూ మీరు కనీస మొత్తానికి మించి కట్టింది ముందు ఎక్కువ వడ్డీ పడే ఆ కొత్త బాకీకే పోతుంది, టీవీ బాకీ కదలదు.

పాత ఇంజను: ఈ ఆత్రం అమెరికా వాళ్ళ రక్తంలోనే ఉందంటే నేనొప్పుకోను. 1923లో కార్ల కంపెనీ ఫోర్డ్ పెట్టిన పథకం మన పోస్టాఫీసు ఆర్‌డీ లాంటిది: వారానికి 5 డాలర్లు దాచు, ధర పోగయ్యాక కారు పట్టుకెళ్ళు. దాని పోటీదారు జనరల్ మోటర్స్ 1919లోనే అప్పిచ్చే కంపెనీ పెట్టేసింది. కారు ముందు, వాయిదాలు తర్వాత. ఫోర్డ్ వాళ్ళ మోడల్ టీ కారు తయారీ 1927లో ఆగింది. 1928కల్లా ఫోర్డ్ కంపెనీ కూడా అప్పుల బాటే పట్టింది.

కోనసీమ కొబ్బరి: నేనన్నదీ అదే కదండీ! దాచుకోమన్నవాణ్ణి కాదని అప్పిచ్చేవాడి దగ్గరికి నడిచింది జనమే.

పాత ఇంజను: నడిచారు, కాదనను. కానీ మోడల్ టీ ఏళ్ళ తరబడి ఇంచుమించు ఒకే రూపు. జనరల్ మోటర్స్ ఏటేటా రూపం మార్చడం మొదలుపెట్టాక, పక్కింటి కారు ఏ ఏటిదో వీధిలోంచే తెలిసిపోయేది. నిన్నటిదాకా బాగున్న మన బండి ఆ పక్కన నిలబెడితే పాతబడిపోయింది. ఆ నామోషీ కొనేవాడు ఇంట్లోంచి తెచ్చుకున్నది కాదండీ, ఫ్యాక్టరీలో తయారైంది.