ఇంట్లో చదివే పిల్లల గురించి లోక్‌సభలో ప్రశ్న అడిగించడం ఎలా?

రణస్థలం తల్లి:

మాది శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం. మా వారు పైడిభీమవరంలో మందుల కంపెనీలో పని చేస్తారు. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. మాట తడబడుతుంది. బడిలో పైకి చదవమన్నప్పుడల్లా తరగతి అంతా నవ్వేది, టీచరు వారించేవారు కారు. రెండో తరగతి అయ్యాక మాన్పించి నేనే చెబుతున్నాను. నేను బీఈడీ చదివాను. ఇప్పుడు పిల్ల ఎవరూ అడగకుండానే తెలుగు వాచకం గొంతెత్తి చదువుతోంది.

గత నెల సీఆర్పీ గారు (మా చుట్టుపక్కల బడుల సంగతి చూసే క్లస్టర్ రిసోర్స్ పర్సన్) ఇంటికి వచ్చి బడి బయటి పిల్లల జాబితాలో మా అమ్మాయి పేరు రాసుకున్నారు. మర్యాదగానే మాట్లాడారు. ఇంట్లో చదివించడానికి చట్టం ఒప్పుకుంటుందా అని అడిగితే మాత్రం ఆయన దగ్గర జవాబు లేదు. తరువాత నేను అడిగిన వారంతా తలా ఒక మాట చెప్పారు. తప్పయితే తప్పని ఎవరైనా కాగితం మీద చెప్పాలి కదా! ఎంపీ గారి చేత పార్లమెంటులో అడిగించవచ్చా? జిల్లా శ్రీకాకుళమైనా మా ఓటు విజయనగరం లోక్‌సభ స్థానానికి. ఎవరికి రాయాలి, ఎలా రాయాలి?

చీపురుపల్లి మాస్టారు:

అమ్మా, మీరు ఎచ్చెర్ల నియోజకవర్గంలో ఉన్నారు కాబట్టి మీ ఎంపీ కలిశెట్టి అప్పలనాయుడు గారే. ఆయనకు రాయండి. ఇది మీకు కలిసి వచ్చిన సంగతి. శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారు 2024 జూన్‌లో కేంద్ర పౌర విమానయాన మంత్రి అయ్యారు. మంత్రులు సభలో జవాబు చెప్పేవారే గాని ప్రశ్న వేసేవారు కారు. ఆ నియోజకవర్గం వారైతే విద్యామంత్రికి లేఖ రాయమని ఆయనను కోరాలి, లేదా రాజ్యసభ సభ్యులను పట్టుకోవాలి.

నక్షత్ర గుర్తు ఉన్న ప్రశ్నలు లోక్‌సభలో రోజుకు 20. వాటికి మంత్రి సభలో లేచి జవాబివ్వాలి. గుర్తు లేనివి 230, వాటికి జవాబు రాతలో వస్తుంది. ఎవరి ప్రశ్నకు చోటు దొరుకుతుందో లాటరీలో తేలుతుంది. మీకు గుర్తు లేనిదే మేలు. ఆ జవాబు లోక్‌సభ వెబ్‌సైటులో నిలిచి ఉంటుంది, అచ్చు తీసి ఏ అధికారి ముందైనా పెట్టవచ్చు. నోటీసు కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి, కాబట్టి సమావేశాలు మొదలయ్యే దాకా ఆగవద్దు.

అసలు కష్టం ప్రశ్న రాయడంలో ఉంది. పదవీ విరమణ తరువాత నేను పార్లమెంటులో విద్యాశాఖ ఇచ్చే జవాబులు చదువుతూ వస్తున్నాను. విద్య ఉమ్మడి జాబితాలోని అంశం, బడులు ఎక్కువగా రాష్ట్రాల పరిధిలో ఉన్నాయి అనే వాక్యంతో మొదలయ్యేవి ఎన్నో. 1976 నాటి 42వ రాజ్యాంగ సవరణతో విద్య ఉమ్మడి జాబితాలోకి, అంటే కేంద్రం, రాష్ట్రాలు రెండూ చట్టాలు చేయగల అంశాల్లోకి, వచ్చిన మాట నిజమే. కానీ ఆ వాక్యంతో అడిగినవారి చేతికి ఏమీ రాదు. ఇంటి చదువును ప్రోత్సహిస్తారా అని అడిగితే మీకూ అదే వస్తుంది. రాష్ట్రాల మీదికి నెట్టడానికి వీల్లేకుండా కేంద్ర చట్టం మీదనే అడగాలి.

2009 విద్యాహక్కు చట్టంలో 10వ సెక్షన్ చూడండి. బిడ్డను దగ్గరి బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అంటుంది. చేర్పించకపోతే శిక్ష ఏమిటో ఆ చట్టంలో లేదు. 8వ సెక్షన్ నిర్బంధ విద్య బాధ్యతను ప్రభుత్వం మీదే పెట్టింది. ఈ రెంటి మధ్య మీలాంటి వారు ఎక్కడ నిలబడాలో ప్రభుత్వం చెప్పాలి. నేనైతే ఇలా రాస్తాను:

(అ) ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పే తల్లిదండ్రులు 10వ సెక్షన్‌ను ఉల్లంఘించినట్టు ప్రభుత్వం భావిస్తోందా. (ఆ) అలా భావించకపోతే ఆ సంగతి రాష్ట్రాలకు రాతపూర్వకంగా తెలిపిందా, ఏ తేదీన. (ఇ) అలాంటి పిల్లలను బడి బయటి పిల్లలుగా లెక్కిస్తున్నారా. (ఈ) ఎన్‌ఐఓఎస్ (జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ) వారి ఎ, బి, సి స్థాయిల్లో నమోదైన పిల్లలను ఆ లెక్కలోంచి తీసేస్తారా.

ఎ, బి, సి అంటే మూడు, అయిదు, ఎనిమిది తరగతులకు సమానం. 2020 జాతీయ విద్యావిధానంలోనే వాటి ప్రస్తావన ఉంది, కనుక ఈ ప్రశ్నను తోసిపుచ్చడం తేలిక కాదు. మొత్తం 150 మాటలు దాటనివ్వకండి. మీ అమ్మాయి సంగతి అందులో పెట్టక, వేరే లేఖగా ఎంపీ గారికి తెలుగులోనే రాయండి. ఆయనను కదిలించేది ఆ లేఖే.

తీరం టీచర్:

నేను ఎచ్చెర్ల మండలంలో ప్రభుత్వ ఉపాధ్యాయుణ్ణి. మీ మీద గౌరవంతోనే ఒక మాట చెప్పాలి. మా ఊళ్ల నుంచి తండ్రులు చేపల వేటకు గుజరాత్‌లోని వెరావల్‌కు వెళతారు, నెలల తరబడి రారు. ఇంట్లో పెద్దాడపిల్ల తమ్ముళ్లను చూసుకుంటూ బడి మానేస్తుంది. అడిగితే ఇంట్లోనే చదువుకుంటోంది అంటారు. ఆ పిల్లను వెనక్కి తేవడానికి మా చేతిలో ఉన్నది ఆ 10వ సెక్షనే. దాన్ని సడలిస్తే ముందు నష్టపోయేది ఆమె. ఇంటి చదువు నిజంగా సాగుతోందని ఎవరు, ఎలా పరిశీలించాలన్న ప్రశ్న కూడా అందులో ఉండాలి.

మీ అమ్మాయి ఎప్పుడు తిరిగి రావాలనుకున్నా వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని 4వ సెక్షన్ చెబుతోంది. అప్పుడు తరగతిలో ఎవరూ నవ్వకుండా చూడవలసింది మేమే.

బొబ్బిలి అబ్బాయి:

నేను ఇంగ్లండులో ఉంటాను. ఇక్కడ 1996 విద్యాచట్టం 7వ సెక్షన్ ప్రకారం బిడ్డకు బడిలో గాని మరో విధంగా గాని తగిన చదువు చెప్పించవచ్చు. అంత స్పష్టత ఉన్నా టీచర్ గారి భయం ఇక్కడా ఉంది. బడిలో లేని పిల్లల వివరాలు స్థానిక కౌన్సిళ్లు నమోదు చేయాలంటూ 2024 డిసెంబరులో పార్లమెంటులో బిల్లు పెట్టారు. ఇంట్లో చదివించే తల్లిదండ్రులు చాలామంది దాన్ని వ్యతిరేకించారు. నాకైతే నమోదు తప్పనిపించదు, నమోదైనవారిని దొంగల్లా చూడటమే తప్పు.

రణస్థలం తల్లి:

టీచర్ గారూ, మీరు చెప్పిన ఆ పిల్ల గురించి రాత్రంతా ఆలోచించాను. (ఉ) కూడా చేరుస్తున్నాను: ఇంటి చదువును పరిశీలించే పద్ధతి ఏదైనా ప్రభుత్వం పరిశీలనలో ఉందా. ఏటా మా అమ్మాయికి పరీక్ష పెట్టినా నాకు అభ్యంతరం లేదు. మాస్టారూ, లాటరీలో రాకపోతే దారి ఏమిటి?

చీపురుపల్లి మాస్టారు:

తరువాతి సమావేశాలకు మళ్లీ ఇమ్మని అడగండి. లోక్‌సభ పిటిషన్ల కమిటీకి మీరు నేరుగా కూడా విన్నపం పంపవచ్చు. ఈలోగా ఎచ్చెర్ల ఎమ్మెల్యే గారికి ఒక ప్రతి ఇవ్వండి, ఎందుకంటే విద్యాహక్కు చట్టం 38వ సెక్షన్ కింద నియమాలు చేసేది రాష్ట్రమే. ఎక్కడ ఇచ్చినా, అందినట్టు మీ ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోండి.