బేకన్ వేయిస్తే వంటగదంతా జిడ్డు అవుతోంది, మీరెలా చేస్తున్నారు? మిగిలిన కొవ్వుని ఏం చేస్తున్నారు?

గంటస్తంభం_వంటిల్లు:
అందరికీ నమస్కారం. మాది విజయనగరం, అద్దె ఇల్లు, వంటగది చిన్నది. మా ఆయన విశాఖ వెళ్ళినప్పుడల్లా ఏదో ఒక సూపర్ మార్కెట్లో ఫ్రోజెన్ బేకన్ (ఉప్పు పట్టించిన పంది మాంసం ముక్కలు) ప్యాకెట్ తెస్తారు, పిల్లలకి అదంటే ప్రాణం. గ్యాస్ మీద పెనం పెట్టి వేయిస్తే చిటపటలాడి చేతుల మీద చిందుతోంది, స్టవ్ వెనక టైల్స్, పక్కనున్న పోపుల డబ్బా మూత, కిటికీ ఊచలు అన్నీ జిడ్డే. ముక్క అంచులు మాడిపోతాయి, మధ్యలో కొవ్వు మాత్రం తెల్లగా మెత్తగా అలాగే ఉండిపోతుంది. అదీకాక వేగాక పెనంలో మిగిలిన కొవ్వు పారబొయ్యడానికి మనసొప్పదు, దాంతో ఏం చెయ్యాలో తెలీదు. మా ఇంట్లో ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) ఉంది, ఎయిర్ ఫ్రయర్ లేదు. ఇంట్లో తరచూ చేసుకునేవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

సోంపేట_గ్యాలీ:
అక్కా, నేను ఓడ మీద వంట చేస్తాను, మాది సోంపేట దగ్గర. పొద్దున్న టిఫిన్లో బేకన్ లేని రోజు తక్కువ, అదీ ఇరవై మంది పైచిలుకుకి. మేం పెనం మీద వెయ్యం, ట్రేలో పరిచి ఓవెన్లో పెట్టేస్తాం, ఎందుకంటే ఓడ ఊగుతున్నప్పుడు పెనం నిండా వేడి కొవ్వు ఉండటమంత ప్రమాదం ఇంకోటి లేదు. ఇంట్లోనూ అదే మంచి పద్ధతి.

ముందు చిందడం ఎందుకో తెలిస్తే సగం పని అయిపోతుంది. చిందించేది కొవ్వు కాదు, నీరు. బేకన్‌ని ఎక్కువగా ఉప్పు నీటితో తయారు చేస్తారు, కొన్ని కంపెనీలు ఆ ఉప్పు నీటిని మాంసంలోకి ఎక్కిస్తాయి కూడా, ప్యాకెట్ వెనక చూస్తే పదార్థాల్లో నీరు అని రాసి ఉంటుంది. దానికి తోడు ఫ్రీజర్ మంచు. కాగిన కొవ్వు కిందికి నీటి బొట్టు దిగితే ఒక్కసారిగా ఆవిరై వెయ్యి రెట్లకు పైగా ఉబ్బుతుంది, ఆ ఊపుకి పైనున్న కొవ్వు ఎగిరి మన చేతి మీద పడుతుంది. కాబట్టి రాత్రే ప్యాకెట్‌ని ఫ్రీజర్లోంచి తీసి కింద ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున్న ముక్కలు విడదీసి శుభ్రమైన పొడిగుడ్డతోనో టిష్యూతోనో రెండు వైపులా అద్దండి. దీనికి రెండు నిమిషాలు పడుతుంది, తర్వాత టైల్స్ తుడిచే పని చాలావరకు తప్పుతుంది.

ఓటీజీ ట్రేలో మందంగా ఉన్న అల్యూమినియం ఫాయిల్ వేసి అంచులు నాలుగు వైపులా పైకి మడవండి, కొవ్వు అందులోనే నిలబడాలి. ముక్కలు ఒకదాని మీద ఒకటి పడకుండా పరచండి. ముందుగా వేడి చెయ్యక్కర్లేదు, చల్లటి ఓవెన్లో పెట్టి 200 డిగ్రీలు పెడితే నెమ్మదిగా కొవ్వు కరుగుతూ ముక్క తిన్నగా వేగుతుంది, ముడుచుకుపోదు. పల్చటివైతే 15 నిమిషాల దగ్గర్నుంచి చూస్తూ ఉండండి, మందమైతే 20 దాటొచ్చు. చివరి నాలుగైదు నిమిషాలు ఓవెన్ ముందు నుంచి కదలకండి, ఎర్రబడటానికీ మాడటానికీ మధ్య టైమ్ చాలా తక్కువ. కింది రాడ్ ఒక్కటే ఆన్ చెయ్యండి, పై రాడ్ కూడా ఎర్రగా కాలుతుంటే చిందిన చుక్కలు దాని మీద పడి ఇల్లంతా పొగ. ట్రే తీసేటప్పుడు మసిగుడ్డ పొడిగా ఉండాలి, తడిగుడ్డ అయితే క్షణంలో వేడి చేతికి దిగిపోతుంది, ట్రే వదిలేస్తారు.

ఇంకో మాట, అనుకున్నదానికంటే కొంచెం ముందే తీసెయ్యండి. బయట ఆరాక గట్టిపడి కరకరలాడతాయి.

రాజాం_మాస్టారు:
ఓవెన్ లేనివాళ్ళ కోసం చెప్తాను. మనకి చిన్నప్పట్నుంచి అలవాటు ఏంటంటే పెనం బాగా కాగాకే ఏదైనా వెయ్యడం. అట్టుకి అది సరే, బేకన్‌కి పనికిరాదు. చల్లటి పెనంలో ముక్కలు పరిచి, అప్పుడు సిమ్‌లో స్టవ్ వెలిగించాలి. నూనె చుక్క కూడా వెయ్యొద్దు. కొవ్వు మెల్లగా కరిగి, ఆ కొవ్వులోనే మాంసం వేగుతుంది. పెద్ద మంట మీద పైన మాంసం మాడిపోతుంది గానీ లోపలి కొవ్వు కరగడానికి టైమే ఉండదు, అమ్మా మీకు అంచులు నల్లబడి మధ్యలో తెల్లగా ఉండటానికి కారణం అదే.

నీళ్ళ పద్ధతి కూడా ఉంది. పెనం అడుగు తడిసేటన్ని నీళ్ళు పోసి అందులో ముక్కలు వేసి మంట పెడితే, ఆ నీళ్ళు ఆవిరయ్యేదాకా వేడి 100 డిగ్రీలు దాటదు, ఈలోగా కొవ్వు కరిగిపోతుంది. నీళ్ళు పూర్తిగా ఇగిరే ముందు కాసేపు చిటపటలుంటాయి, అక్కడ మంట బాగా తగ్గించాలి. తర్వాత ప్రశాంతంగా వేగుతుంది. నాకైతే ఈ పద్ధతిలో రుచి ఒక పిసరు తగ్గినట్టు ఉంటుంది, మందపాటి ముక్కలకు మాత్రం బాగా పనిచేస్తుంది.

మూత మాత్రం బిగించి పెట్టకండి. మూతకి పట్టిన ఆవిరి నీటి బొట్లై మళ్ళీ కొవ్వులో పడుతుంది. దానికంటే పిండి జల్లించే స్టీలు జల్లెడ ఉంటుంది కదా, అది పెనం మీద బోర్లించండి. ఆవిరి పోతుంది, చుక్కలు ఆగిపోతాయి. ప్లాస్టిక్ అంచున్న జల్లెడ వద్దు. పెనం బదులు లోతైన ఇనుప మూకుడు వాడినా చిందడం బాగా తగ్గుతుంది, ముక్కల్ని సగానికి కోసుకుంటే సరిపోతుంది.

బొబ్బిలి_వీణ:
ఎయిర్ ఫ్రయర్ ఉన్నవాళ్ళకి: 180 డిగ్రీలు, 8 నుంచి 10 నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పాలి. బుట్ట కింద ఉండే ట్రేలో రెండు మూడు చెంచాల నీళ్ళు పోస్తే కారిన కొవ్వు కాలి పొగ రాదు. మైక్రోవేవ్ అయితే ప్లేటు మీద టిష్యూ, దాని మీద ముక్కలు, పైన ఇంకో టిష్యూ, ముక్కకి సుమారు ఒక నిమిషం. జిడ్డు ఏమీ ఉండదు, కానీ కొవ్వంతా టిష్యూకే పోతుంది, దాచుకోవడానికి మిగలదు.

ఆమదాలవలస_అమ్మాయి:
వేగినవి తీసి న్యూస్ పేపర్ మీద వేస్తే జిడ్డు భలే పీల్చేస్తుంది, మా ఇంట్లో బజ్జీలకి కూడా అదే.

నాగావళి_నర్సు:
చెల్లీ, న్యూస్ పేపర్ వద్దమ్మా. అచ్చు సిరాలో ఉండే రసాయనాలు వేడి కొవ్వుకి ఇట్టే అంటుకుంటాయి, తినే పదార్థాలకి పేపర్ వాడొద్దని మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ కూడా ఎన్నోసార్లు హెచ్చరించింది. స్టీలు జల్లి పళ్ళెం మీద వెయ్యండి, కింద గిన్నె పెడితే ఆ కొవ్వు కూడా దక్కుతుంది.

నేను శ్రీకాకుళంలో పనిచేస్తాను, ఇక్కడ ఒక సంగతి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. బేకన్ రోజూ తినే వస్తువు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో ఇలాంటి ప్రాసెస్ చేసిన మాంసాన్ని క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో పెట్టింది, రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు సుమారు 18 శాతం పెరుగుతుందని లెక్క చెప్పింది. అంటే సిగరెట్టంత ప్రమాదమని కాదు, కారణమవుతుందన్న రుజువు గట్టిగా ఉందని అర్థం. ఎప్పుడైనా ఒక ఆదివారం తింటే భయపడక్కర్లేదు. రెండోది ఉప్పు. మనిషికి రోజుకి 5 గ్రాముల ఉప్పు దాటొద్దంటారు, బేకన్‌లోనూ దాని కొవ్వులోనూ ఉప్పు ముందే ఉంటుంది. ఉద్దానం వైపు కిడ్నీ జబ్బుల సంగతి అందరికీ తెలుసు, ఇంట్లో కిడ్నీ మనిషో బీపీ మనిషో ఉంటే వాళ్ళకి ఈ కొవ్వుతో చేసిన కూర పెట్టకండి, దయచేసి.

చేతి మీద కొవ్వు పడితే వెంటనే కుళాయి కింద చల్లటి నీళ్ళలో 20 నిమిషాలు పెట్టండి. టూత్‌పేస్ట్, సిరా, పసుపు ఏవీ వద్దు.

పలాస_జీడిపిక్క:
మిగిలిన కొవ్వు గురించి నేను చెప్తాను, నాకిష్టమైన టాపిక్ ఇది.

పెనంలో కొవ్వు గోరువెచ్చగా అయ్యేదాకా ఆగి, టీ వడగట్టే జల్లిలో పల్చటి గుడ్డ వేసి గాజు సీసాలోకి వడగట్టండి. అడుగున ఉండే నల్లటి మడ్డి ఒక్క చుక్క కూడా పోకూడదు, చేదు వచ్చేదీ తొందరగా పాడయ్యేదీ దాని వల్లే. సీసా ఎండలో పెట్టి బాగా ఆరబెట్టినదై ఉండాలి. ఫ్రిజ్‌లో పెడితే తెల్లగా నెయ్యిలా పేరుకుంటుంది, ఎప్పుడూ పొడి చెంచాతోనే తియ్యండి. మూడు నెలల దాకా బాగుంటుంది. చలిదేశాల్లో బయట పెట్టుకుంటారేమో గానీ మన ఎండలకి వైశాఖంలో బయట పెడితే నీళ్ళలా కారిపోయి ముక్కిపోయిన వాసన వచ్చేస్తుంది.

దేనికి వాడాలంటే, మొదట బంగాళాదుంప వేపుడు. దుంపలు సగం ఉడికించి తడి ఆరబెట్టి, ఈ కొవ్వు రెండు చెంచాలు వేసి ఇనుప మూకుట్లో సిమ్‌లో వేయించండి, అడుగు పొర ఎర్రగా పట్టి అట్లకాడతో గీస్తే కరకరమని లేస్తుంది. ఉప్పు చివర్లో, రుచి చూసి, అవసరమైతేనే. రాత్రి మిగిలిన అన్నానికి ఇందులో వెల్లుల్లి, ఎండుమిర్చి, జీడిపప్పు బద్దలు వేయించి కలిపితే పిల్లలు మారు అడుగుతారు. గుడ్డు అట్టు, క్యాబేజీ వేపుడు, ఉల్లికాడలు కూడా బాగుంటాయి. పప్పులో, చారులో మాత్రం పొగ వాసన నప్పదు, నేను పెట్టను. బజ్జీల్లా ముంచి వేయించడానికి కూడా వద్దు, ఉప్పూ మడ్డీ ఎంతో కొంత ఉంటాయి కాబట్టి తొందరగా పొగ వచ్చేస్తుంది.

ఇంకోటి, తుప్పు పట్టబోయే ఇనుప పెనానికి ఇది పల్చగా రాసి పొగ వచ్చేదాకా కాచి తుడిస్తే నల్లగా నిగనిగలాడుతుంది.

టెక్కలి_వీధి:
మేం మిగిలింది అన్నంలో కలిపి వీధి కుక్కలకి పెట్టేస్తాం, వృథా కాదు.

నాగావళి_నర్సు:
అన్నా, మీ మనసు మంచిదే గానీ అది పెట్టకండి. అంత కొవ్వు, ఉప్పు ఒక్కసారి తింటే కుక్కలకి క్లోమం వాచిపోవచ్చు, ప్రాణం మీదికి రావచ్చు.

బొబ్బిలి_వీణ:
సింక్‌లో కూడా పొయ్యకండి. వేడిగా ఉన్నప్పుడు నీళ్ళలా జారిపోతుంది, పైపులోకి వెళ్ళి చల్లారాక గడ్డకడుతుంది. మా అపార్ట్‌మెంట్‌లో కింది పోర్షన్ వాళ్ళ సింక్‌లోంచి మురుగు పైకి తన్నింది, పైపు కోస్తే లోపల సబ్బులాంటి తెల్లటి పొర. లండన్‌లో 2017లో వైట్‌చాపెల్ మురుగు కాలువలో ఇలాగే పేరుకున్న కొవ్వు ముద్ద 130 టన్నులు ఉందట, 250 మీటర్ల పొడవు. అక్కర్లేని కొవ్వుని పాత పాల ప్యాకెట్‌లో పోసి గడ్డకట్టాక చెత్తబండికి ఇవ్వండి.

రాజాం_మాస్టారు:
కొవ్వుకి ఒకప్పుడు ఎంత విలువుండేదో చెప్పనా. రెండో ప్రపంచ యుద్ధం టైమ్‌లో, 1942 నుంచి, అమెరికాలో ఇల్లాళ్ళు బేకన్ కొవ్వు డబ్బాల్లో పోగుచేసి మాంసం కొట్లో ఇచ్చేవారు. దాన్నుంచి గ్లిజరిన్ తీసి పేలుడు పదార్థాల తయారీకి వాడారు. ఇచ్చినవాళ్ళకి డబ్బులు, తర్వాత రేషన్ పాయింట్లు కూడా ఇచ్చారు.

సీతంపేట_కొండగాలి:
బేకన్ ప్యాకెట్ దొరకనివాళ్ళు బాధపడక్కర్లేదు. మా వైపు సంతలో తాజా పంది మాంసం దొరుకుతుంది, పొట్ట దగ్గర పొరలు పొరలుగా ఉండే ముక్క అడగండి, బేకన్ చేసేది ఎక్కువగా దాంతోనే. కొవ్వు విడిగా కావాలంటే చిన్న ముక్కలు కోసి, అర గ్లాసు నీళ్ళు పోసి, దళసరి గిన్నెలో సన్న మంట మీద వదిలెయ్యండి. నీళ్ళు ఇగిరిపోయి కొవ్వు తేటగా దిగుతుంది, పైకి తేలిన ముక్కలు ఎర్రగా వేగుతాయి, వాటి మీద ఉప్పూ కారం చల్లుకుని తింటే ఇంకేం అక్కర్లేదు. ఈ కొవ్వులో ఉప్పు ఉండదు, పొగ వాసన ఉండదు, అందుకని అన్ని కూరలకీ నప్పుతుంది. తాజా మాంసం మాత్రం లోపలిదాకా బాగా ఉడకాలి, బయట తిరిగే పందుల మాంసంలో బద్దెపురుగు తిత్తులు ఉండొచ్చు. ఎవరు పెంచారో తెలిసిన చోటే కొనండి.

సోంపేట_గ్యాలీ:
అందరూ గుర్తుపెట్టుకోవలసింది ఇంకోటి. కొవ్వు అంటుకుంటే నీళ్ళు చల్లొద్దు, మంట ఇంటి కప్పుకి లేస్తుంది. గ్యాస్ కట్టేసి, పెద్ద మూత పక్క నుంచి జరుపుతూ మూసెయ్యండి, పూర్తిగా చల్లారేదాకా మూత తియ్యొద్దు, పెనాన్ని కదపొద్దు. ఓడలో మాకు నేర్పించే మొదటి పాఠాల్లో ఇదొకటి. వేయించేటప్పుడు సరిపోయే మూత చేతికి అందేచోట ఉంచుకోండి.

గంటస్తంభం_వంటిల్లు:
అందరికీ చాలా థాంక్స్. నిన్న గ్యాలీ తమ్ముడు చెప్పినట్టు గుడ్డతో అద్ది, ఓటీజీలో కింది రాడ్ మీదే పెట్టాను. పల్చటి ముక్కలు, 17 నిమిషాలకి తీశాను. తిన్నగా, అంతా ఒకే రంగులో వచ్చాయి, ఫాయిల్‌లో అరచేతిలో పట్టేంత కొవ్వు మిగిలింది, స్టవ్ మీద ఒక్క చుక్క లేదు. కొవ్వు వడగట్టి సీసాలో పోశాను, ఈ రోజు దుంపల వేపుడు. పోర్క్ తినని మా అత్తగారి కోసం వేరే మూకుడు, వేరే అట్లకాడ పెట్టేశాను, ఆవిడ మనసు కష్టపెట్టడం నాకిష్టం లేదు.

చివరిగా ఒక్క డౌటు. తుపాను వచ్చి కరెంటు పోతే ఫ్రీజర్లో ఉన్న బేకన్, ఈ కొవ్వు సీసా ఏమవుతాయి?

పలాస_జీడిపిక్క:
2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా పలాస దగ్గరే తీరం దాటింది, మా వైపు రోజుల తరబడి కరెంటు లేదు, కాబట్టి ఇది మాకు బాగా తెలిసిన సంగతి. ఫ్రీజర్ నిండుగా ఉండి తలుపు తియ్యకపోతే సుమారు రెండు రోజులు చల్లదనం ఆగుతుంది, సగమే ఉంటే ఒక రోజు. తుపాను హెచ్చరిక రాగానే ఖాళీ జాగాలో నీళ్ళ సీసాలు పెట్టి గడ్డకట్టించండి. తర్వాత చూసినప్పుడు బేకన్‌లో ఇంకా మంచు పలుకులు ఉంటే మళ్ళీ ఫ్రీజ్ చెయ్యొచ్చు, లేదా వెంటనే వండేసుకోవచ్చు. మెత్తబడి వెచ్చగా అయిపోతే వాసన బాగున్నా సరే పారెయ్యండి. కొవ్వు సీసా కరిగిపోయినంత మాత్రాన పాడైనట్టు కాదు, మడ్డి లేకుండా వడగట్టి ఉంటే ఒకటి రెండు రోజులకి ఏమీ కాదు, ముక్కిపోయిన వాసన కొడితే మాత్రం ఉంచొద్దు.

గంటస్తంభం_వంటిల్లు:
సరే అండి, నీళ్ళ సీసాలు ఇవాళే పెడతాను.