చర్చ: పరిశ్రమల వల్ల జరిగిన హానిలో రసాయన శాస్త్రానికి వాటా ఉందా?

రసవాది:
ఎక్కడ ప్రమాదం జరిగినా రసాయన శాస్త్రాన్నే దోషిగా నిలబెట్టడం అన్యాయమని నా వాదన. 1909లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హాబర్ గాలిలోని నైట్రజన్‌ను హైడ్రోజన్‌తో కలిపి అమ్మోనియా తయారుచేసి చూపించాడు. కార్ల్ బాష్ ఆ ప్రక్రియను పరిశ్రమ స్థాయికి పెంచగా 1913లో జర్మనీలోని ఓపావులో ఉత్పత్తి మొదలైంది. అదే అమ్మోనియా నుంచి ఎరువులూ వచ్చాయి, పేలుడు పదార్థాలూ వచ్చాయి. నేటి ప్రపంచ జనాభాలో దాదాపు సగం మంది తిండి ఆ ఎరువుల మీదే ఆధారపడి ఉందని అంచనా. అమ్మోనియా పొలానికి చేరాలా, యుద్ధానికి చేరాలా అన్నది ప్రభుత్వాలు, కంపెనీలు చేసుకున్న నిర్ణయమే తప్ప అందులో శాస్త్రం ప్రమేయం లేదు.

నిశితం:
రసవాది గారూ, ఉత్పత్తిని వాడిన తీరు వల్ల హాని జరిగిన ఉదాహరణనే మీరు ఎంచుకున్నారు. హాని తయారీ పద్ధతిలోనే ఉన్నప్పుడు ఏమంటారు? జపాన్‌లోని మినమాటాలో జనాన్ని బలిగొన్నది కర్మాగారం అమ్ముకున్న అసిటాల్డిహైడ్ అనే రసాయనం కాదు. ఎసిటిలీన్ నుంచి దాన్ని తయారుచేయడానికి వాడిన పాదరస ఉత్ప్రేరకంలో (చర్యను వేగవంతం చేసే పదార్థంలో) కొంత మిథైల్ మెర్క్యురీ అనే విషంగా మారి, వ్యర్థజలంతో పాటు సముద్రంలోకి, అక్కడి నుంచి చేపల్లోకి, చివరికి మనుషుల మెదడులోకి చేరింది. ఆ విషం వల్ల వచ్చిన వ్యాధిని 1956లో అధికారికంగా గుర్తించారు.

భోపాల్ మరీ స్పష్టమైన ఉదాహరణ. కార్బరిల్ అనే పురుగుమందును మిథైలమీన్, ఫాస్జీన్, నాఫ్థాల్ అనే మూడు పదార్థాల నుంచి తయారుచేస్తారు. మొదటి రెండింటిని ముందుగా కలిపితే మధ్యలో మిథైల్ ఐసోసయనేట్ అనే విషపదార్థం పుడుతుంది. నాఫ్థాల్‌ను ముందు ఫాస్జీన్‌తో చర్య జరిపించి, ఆ తర్వాత మిథైలమీన్‌ను కలిపితే అది పుట్టదు. కావలసిన పదార్థాలు అవే, చివర వచ్చే మందూ అదే, కలిపే వరుస ఒక్కటే వేరు. 1984లో అక్కడి కర్మాగారం నుంచి లీకై ప్రాణాలు తీసినది ఆ వరుసలో మధ్యన పుట్టిన పదార్థమే. సంశ్లేషణకు, అంటే ఒక పదార్థాన్ని నిర్మించడానికి, ఏ దారి పట్టాలో తేల్చేది రసాయన శాస్త్రమే అయినప్పుడు, వాటా లేదని ఎలా అనగలం?

రసవాది:
మినమాటా కర్మాగారం 1932లో అసిటాల్డిహైడ్ తయారీ మొదలుపెట్టే నాటికి ఎసిటిలీన్ నుంచి దాన్ని చేయడానికి పరిశ్రమలో వాడుకలో ఉన్నది పాదరస పద్ధతే. పల్లాడియం ఉత్ప్రేరకంతో ఇథిలీన్‌ను ఆక్సీకరించే పద్ధతి 1950ల చివర్లో గాని రాలేదు. అంతకన్నా ముఖ్యమైన విషయం ఒకటుంది. 1959లో ఆ కంపెనీ వైద్యుడే వ్యర్థజలం కలిపిన ఆహారాన్ని పిల్లికి పెట్టగా, దానికి అదే వ్యాధి వచ్చింది. ఆ ఫలితాన్ని యాజమాన్యం తొక్కిపెట్టింది, పాదరసాన్ని వదలడం 1968 దాకా ఆగలేదు. శాస్త్రం చెప్పిన మాటను వినని వారిది తప్పు గాని, చెప్పిన శాస్త్రానిది కాదు.

ఔషధి:
మందుల తయారీలో మీ ఇద్దరి వాదనలూ కలుస్తాయి. నొప్పి మందు ఐబుప్రొఫెన్‌ను మొదట ఆరు దశల్లో తయారుచేసేవారు. వాడిన ముడిపదార్థాల్లోని పరమాణువుల్లో, బరువు లెక్కన, సుమారు 40 శాతమే మందులోకి చేరేవి, తక్కినదంతా వ్యర్థం. తర్వాత వచ్చిన మూడు దశల పద్ధతిలో అది 77 శాతానికి పెరిగింది. (అందులో వాడే హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఏమంత సాధువు కాదు, అది వేరే సంగతి.) క్యాన్సర్ మందు పాక్లిటాక్సెల్ కోసం ఒకప్పుడు పసిఫిక్ యూ చెట్ల బెరడు ఒలిచేవారు, దాంతో చెట్టే చచ్చిపోయేది. 1994లో రెండు బృందాలు ఆ అణువును మొదటి నుంచీ ప్రయోగశాలలో నిర్మించి మెప్పు పొందాయి. కాని చెట్లను కాపాడింది ఆ ఘనకార్యం కాదు. యూరప్ యూ చెట్టు ఆకుల నుంచి తీసిన పదార్థాన్ని కొద్ది దశల్లో మందుగా మార్చే, అంతగా పేరు రాని పద్ధతి.

రసాయన శాస్త్రవేత్త రోజర్ షెల్డన్ 1992లో ప్రతిపాదించిన ఇ-ఫ్యాక్టర్ అనే కొలమానం కిలో ఉత్పత్తికి ఎన్ని కిలోల వ్యర్థం వస్తుందో చెబుతుంది. టన్నుల కొద్దీ తయారయ్యే సాధారణ రసాయనాలకు అది ఐదు లోపు ఉంటే, మందులకు 25 నుంచి 100, ఒక్కోసారి అంతకు మించి కూడా ఉంటుందని ఆయన చూపించాడు. ఆరోగ్యాన్నిచ్చే మందులే కిలోకు ఎక్కువ చెత్తను మిగిల్చాయన్నమాట. బాధ్యత తనది కానప్పుడు ఒక శాస్త్రం ఇటువంటి కొలమానాన్ని తనకు తానే ఎందుకు పెట్టుకుంటుంది?

నిశితం:
పిల్లి ప్రయోగం విషయంలో రసవాది గారితో నాకు పేచీ లేదు; అది యాజమాన్యం చేసిన నేరమే. అయితే కొత్త సంశ్లేషణను ప్రచురించేటప్పుడు దిగుబడి ఎంత, శుద్ధత ఎంత అని నిలదీసే మనం, మధ్యలో ఏ విషపదార్థం పుడుతుందో, వ్యర్థం ఎంతో కూడా అంతే గట్టిగా అడగాలి.

రసవాది:
అడగండి, నాకు అభ్యంతరం లేదు. కాని ప్రయోగశాలలో విషవాయువులను బయటికి లాగేసే అరలో కొన్ని గ్రాముల మిథైల్ ఐసోసయనేట్‌ను పుట్టించి వెంటనే చర్యలో ఖర్చు చేయడం వేరు, భోపాల్‌లోలా ఒకే ట్యాంకులో సుమారు 40 టన్నులు నిల్వ ఉంచడం వేరు. పుట్టినది పుట్టినట్టే వాడేసేలా కర్మాగారాన్ని రూపొందించడం సాధ్యమే. అంత నిల్వ పెట్టిన నిర్ణయం ఏ పరిశోధనా పత్రంలోనూ కనిపించదు. దానికి మీ షరతు ఎలా వర్తిస్తుందో చెప్పండి.